పోచంపల్లి వెళ్తే షాపులు చివరికి పెట్టుకోండి

ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే ఎక్కి, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఎడమకు మళ్లితే భూదాన్ పోచంపల్లి. ట్రాఫిక్ లేకపోతే గంటన్నరలో చేరిపోవచ్చు. సిటీ నుంచి వెళ్లేవాళ్లు చాలామంది చీరల షాపు ముందే దిగి, అటు నుంచి అటే వెనక్కొచ్చేస్తారు. ఊరు చూడకుండా రావడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

ముందు వినోబా మందిరం చూడండి. 1951 ఏప్రిల్‌లో మన హైదరాబాద్ శివరాంపల్లిలో గాంధేయవాదుల సర్వోదయ సమ్మేళనం జరిగింది. అది ముగిశాక గాంధీజీ శిష్యుడు వినోబా భావే తెలంగాణ పల్లెల్లో నడుస్తూ ఏప్రిల్ 18న ఇక్కడికి వచ్చారు. సాయుధ పోరాటంతో నల్గొండ జిల్లా అట్టుడుకుతున్న రోజులవి. మీకేం కావాలని ఆయన అడిగితే దళిత కుటుంబాలు 80 ఎకరాల భూమి అడిగాయి. ఆ సభలోనే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా పాకిన భూదానోద్యమం మొదలైంది అక్కడే. ఈ కథ తెలుసుకుని వెళ్లండి, లేకపోతే అది మామూలు పాత ఇల్లులాగే కనిపిస్తుంది.

తర్వాత నేతన్నల వీధులు. ముందుగా మాట్లాడుకున్న ఒక గైడ్ మమ్మల్ని షాపు నుంచి షాపుకి తిప్పుతుంటే, ఆయన్ని పంపించేసి మేమే నడిచాం. మగ్గం చప్పుడు విని ఒక గుమ్మం దగ్గర ఆగితే, ఆ ఇంటి పెద్దమ్మ ‘రా బిడ్డా, కూసో’ అని లోపలికి పిలిచింది. నూలుకు సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కడుతోంది. కట్టిన చోట రంగు ఎక్కదు. ఇంకో రంగు కావాలంటే కొన్ని ముడులు విప్పి, కొత్తవి కట్టి, మళ్లీ ముంచాలి. ఇదే ఇక్కత్. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డం దారాలు) రెండింటికీ ఇలాగే కట్టి నేసే చీరలో గీత గీతకూ సరిపోవాలి. ఆ కష్టం కళ్లారా చూశాక ధర దగ్గర బేరమాడటానికి నాకు నోరు రాలేదు.

ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇంత పేరొచ్చినా మేం వెళ్లిన ఇళ్లలో మగ్గం మీద ఉన్నది ఎక్కువగా నడివయసు దాటినవాళ్లే. పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారట.

రాత్రి ఉండే అవసరం లేదు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. భోజనాలు మామూలుగా ఉంటాయి, పిల్లలుంటే టిఫిన్ కట్టుకెళ్లండి. కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి: అసలైన ఇక్కత్ డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింట్ అయితే వెనక వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. వీలైతే మగ్గం ఉన్న ఇంట్లోనే కొనండి.