రౌండ్‌క్యూబ్ వెబ్‌మెయిల్: ఆఫీసు పనికి ఏళ్ళ తరబడి వాడాక

సొంత డొమైన్ మీద మెయిల్ పెట్టుకున్న చిన్న సంస్థల్లో ఎంతోమంది బ్రౌజర్‌లో మెయిల్ చదవడానికి, రాయడానికి రోజూ వాడేది రౌండ్‌క్యూబే. అయినా ఆ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. "మా వెబ్‌మెయిల్" అంటారు, అంతే. హోస్టింగ్ (మెయిల్, వెబ్‌సైట్ పెట్టుకునే సర్వర్ చోటు) కొన్నప్పుడు, దాన్ని నడిపే సీప్యానెల్‌తో పాటు అదీ వస్తుంది. కావాలని ఎంచుకున్నవాళ్ళు ఉండరు, ఎలా వాడాలో చెప్పేవాళ్ళూ ఉండరు. అందుకే చాలామంది దాన్ని వచ్చింది వచ్చినట్టే వాడుతూ, జీమెయిల్‌లా లేదని విసుక్కుంటారు. ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్ళ కోసం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే సంస్థలో ఆఫీసు పని చూస్తాను. కంపెనీల ధరల పట్టికలు, డీలర్లకు పంపే కొటేషన్లు, పర్చేజ్ ఆర్డర్లు, ఈ-వే బిల్లులు, ట్రాన్స్‌పోర్టు వాళ్ళు స్కాన్ చేసి పంపే ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీలు, అన్నీ మెయిల్లోనే నడుస్తాయి. ఒకే ఐడీని నేనూ, మా అకౌంటెంట్ గారూ, గోడౌన్‌లో ఉండే కుర్రాడూ తెరుస్తాం. ఇన్నేళ్ళలో నాకు తేలిందేమిటంటే, రౌండ్‌క్యూబ్‌లో సత్తా ఉంది, కానీ మొదట్లో పెట్టి ఇచ్చే సెట్టింగులు మా లాంటి ఆఫీసులకు సరిపోవు. అవి మారితే వాడకంలో ఉన్న ఇబ్బంది సగం తీరుతుంది, అదీ ఒక్క కొత్త సౌకర్యం చేర్చకుండానే.

కొంచెం పూర్వాపరం. స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ బ్రూడర్లి 2005లో దీన్ని మొదలుపెట్టారు. పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. మెయిల్‌ను తన దగ్గర పెట్టుకోదు, ఐమ్యాప్ అనే పద్ధతి ద్వారా సర్వర్‌లో ఉన్నదాన్నే చూపిస్తుంది. కాబట్టి ఇదే ఐడీని ఫోన్‌లోనో థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్‌లోనో తెరిచినా అవే ఫోల్డర్లు, అవే మెయిళ్ళు ఉంటాయి. 2012లో ల్యారీ అనే రూపం వచ్చింది, 2014లో 1.0 వెర్షన్ వచ్చింది. 2019 నవంబరులో వచ్చిన 1.4 వెర్షన్‌తో ఎలాస్టిక్ అనే ఇప్పటి రూపం మొదలైంది. 2022లో విడుదలైన 1.6 నుంచి ల్యారీని మూల ప్యాకేజీలోంచి తీసి విడిగా పెట్టారు. 2023లో ఈ ప్రాజెక్టు నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ గొడుగు కిందికి చేరింది.

ల్యారీ నుంచి ఎలాస్టిక్‌కు మారడమే దీని చరిత్రలో పెద్ద డిజైన్ మార్పు. మా హోస్టింగ్ వాళ్ళు ముందుగా ఒక్క ముక్క చెప్పకుండా రాత్రికి రాత్రి మార్చేశారు. పొద్దున్నే అకౌంటెంట్ గారు "ఏమండీ, పంపే బటన్ ఏదీ?" అని కేకేశారు. ల్యారీలో అది పైవరసలో ఉండేది, ఎలాస్టిక్‌లో మెయిల్ రాసే పెట్టె కిందికి వచ్చింది. నిజానికి కిందనే ఉండాలి. చిరునామా, విషయం, ఉత్తరం, ఆ తర్వాతే పంపడం. చెయ్యి పైనుంచి కిందికి వచ్చే వరసలోనే బటన్ కూడా ఉంది. కొన్నాళ్ళకు ఆవిడకూ అదే నచ్చింది.

నష్టం మరోచోట జరిగింది. ల్యారీ జాబితాలో విషయం, పంపినవారు, తేదీ, సైజు వేర్వేరు నిలువు వరుసల్లో ఉండేవి. పై శీర్షిక మీద నొక్కితే ఆ ప్రకారం జాబితా సర్దుకునేది. ఎలాస్టిక్‌లో మూడు భాగాల వెడల్పు అమరిక ముందుగా వస్తుంది. అందులో ఒక్కో మెయిల్ రెండేసి లైన్లు ఆక్రమిస్తుంది, నిలువు వరుసలు మాయమవుతాయి. ఫోన్‌లో అది హాయిగా ఉంటుంది. ఇరవై ఎల్‌ఆర్ కాపీలు తేదీవారీగా చూసుకోవాల్సిన టేబుల్ ముందు మాత్రం తెర చిన్నదైపోయినట్టుంటుంది. మందు సెట్టింగుల్లోనే ఉంది. అమరికను డెస్క్‌టాప్‌కో లిస్ట్‌కో మార్చగానే నిలువు వరుసలు తిరిగొస్తాయి. లిస్ట్ పెట్టుకుంటే మెయిల్‌ను రెండుసార్లు క్లిక్ చేసి తెరవాలి. మాకు డెస్క్‌టాప్ అమరికే కుదిరింది. పెద్ద తెర ఉన్న కంప్యూటర్లో తెరిచినవాళ్ళకు ఈ ఎంపికను మొదటిరోజే కళ్ళ ముందు పెట్టాలి. ఇప్పుడున్నట్టు వెతుక్కుంటూ పోవాల్సిన చోట ఉండకూడదు.

ఇక వెతకడం. మా పనిలో ఇదే కీలకం. డీలర్ ఫోన్ చేసి "పోయిన నెల మీరిచ్చిన రేటే కదండీ ఇది?" అంటాడు. ఫోన్ చెవిన ఉండగానే ఆ కొటేషన్ దొరకాలి. ఇన్‌బాక్స్‌లో ఉండి వెతుకు పెట్టెలో డీలర్ పేరు కొడితే ఆ కొటేషన్ రాదు. కారణం, రౌండ్‌క్యూబ్ మనం నిలబడ్డ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అదీ ఇన్‌బాక్స్‌లో అయితే విషయం, పంపినవారు అనే రెండింటిలోనే. మనం పంపిన కొటేషన్ సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది, అక్కడ పంపినవారు మనమే, డీలర్ పేరు 'టు'లో ఉంటుంది. అంటే రెండు రకాలుగానూ తప్పిపోతుంది. పెట్టె పక్కనున్న చిన్న బాణం నొక్కితే అన్నీ ఉన్నాయి: టు, సీసీ, ఉత్తరంలోని మాటలు, తేదీల పరిధి, ఈ ఫోల్డర్ మాత్రమేనా, దాని ఉపఫోల్డర్లు కూడానా, అన్ని ఫోల్డర్లూనా. కానీ ఆ బాణం కింద ఇంత ఉందని చెప్పే సూచన తెర మీద ఎక్కడా లేదు. ఏమీ దొరకనప్పుడు ఖాళీ జాబితా చూపి ఊరుకోకుండా, "ఈ ఫోల్డర్‌లో లేదు, మిగతా ఫోల్డర్లలో వెతకనా?" అని ఒక బటన్ ఇస్తే చాలు. నేను డిజైన్‌లో ఒక్కటే మార్చగలిగితే ఇదే మారుస్తాను.

ఉత్తరం లోపలి మాటలను అన్ని ఫోల్డర్లలో వెతికితే కొన్నిచోట్ల నెమ్మదిగా సాగుతుంది. ఆ పని చేసేది రౌండ్‌క్యూబ్ కాదు, వెనకున్న ఐమ్యాప్ సర్వర్. దానికి మెయిళ్ళలోని మాటలన్నిటి సూచిక (ఇండెక్స్) లేకపోతే ప్రతి మెయిల్‌నూ తిరగేస్తుంది. అందుకే కొటేషన్ నంబరును ఎప్పుడూ విషయంలోనే రాయండి. విషయంలో వెతకడం వేగంగా అవుతుంది.

జవాబు రాసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. సెట్టింగులు ముట్టుకోకపోతే, జవాబు ఇచ్చేటప్పుడు కర్సర్ పాత ఉత్తరం కింద నిలబడుతుంది. గుంపు చర్చలు మెయిల్లోనే సాగిన మెయిలింగ్ లిస్టుల కాలంలో అదే మర్యాద. మా డీలర్లు ఫోన్‌లో మెయిల్ తెరుస్తారు, పైన రెండు లైన్లు చూస్తారు, కిందికి జరపరు. పాత ఉత్తరమే మళ్ళీ వచ్చిందనుకుని మూసేస్తారు. "రేటు పంపలేదేంటి?" అని ఫోన్. సెట్టింగుల్లో మెయిల్ రాయడానికి సంబంధించిన భాగానికి వెళ్ళి, జవాబు పాత ఉత్తరానికి పైన మొదలయ్యేలా మార్చుకోండి. సంతకం ఎక్కడ రావాలన్నదీ అక్కడే ఉంది. చిత్తుప్రతి దానంతటదే సేవ్ కావడానికి పట్టే సమయాన్ని కూడా ఆ పేజీలోనే ఐదు నిమిషాల నుంచి ఒక నిమిషానికి దించండి. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసే వేసవి మధ్యాహ్నాల్లో ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఒకే ఐడీని నలుగురు చూసే ఆఫీసులకు మరో రెండు సెట్టింగులు ప్రాణం లాంటివి. మెయిల్‌ను ప్రివ్యూలో తెరవగానే చదివినట్టు గుర్తు పడిపోతుంది. గోడౌన్ కుర్రాడు ఎల్‌ఆర్ కోసం వెతుకుతూ ఒక పర్చేజ్ ఆర్డర్ మీద క్లిక్ చేస్తే చాలు, దాని బొద్దక్షరాలు పోతాయి, నా కంటికి అది పాతదే. చదివినట్టు గుర్తు వెంటనే కాకుండా కొన్ని సెకన్ల తర్వాత పడేలా, లేదా మనమే పెట్టేదాకా పడకుండా మార్చుకోవచ్చు. మేం రెండోది పెట్టుకున్నాం. పని పూర్తిచేసినవాళ్ళే గుర్తు పెడతారు.

రెండోది ఫిల్టర్లది. హోస్టింగ్ వాళ్ళు ఫిల్టర్ల ప్లగిన్ (అదనంగా జోడించే భాగం) ఇస్తే, ఫలానా కంపెనీ మెయిల్ ఫలానా ఫోల్డర్‌కు సర్వర్‌లోనే వెళ్ళేలా రాసుకోవచ్చు. చాలా మంచి సౌకర్యం, నియమాలు రాసే పేజీ కూడా తేటగా ఉంటుంది. కానీ కొత్త మెయిల్ కోసం రౌండ్‌క్యూబ్ అన్ని ఫోల్డర్లనూ చూడదు. ఫిల్టర్ ఒక ఆర్డర్‌ను పక్క ఫోల్డర్‌లో వేసినా, ఆ ఫోల్డర్ పక్కన అంకె మారకుండా అలాగే ఉండిపోవచ్చు. "కొత్త మెయిళ్ళ కోసం అన్ని ఫోల్డర్లూ చూడు" అన్న అర్థంలో ఒక టిక్కు ఉంది, అది పెట్టాలి. ఎవరైనా మొదటి ఫిల్టర్ రాసిన క్షణంలోనే ఆ టిక్కు గురించి అడగడం డిజైన్ బాధ్యత. ఈ రెండు సౌకర్యాలూ రెండు వేర్వేరు పేజీల్లో, ఒకదానికొకటి తెలియనట్టు కూర్చున్నాయి.

మెచ్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. అటాచ్‌మెంట్ చేర్చేచోటే ఎంత సైజు వరకు వెళ్తుందో రాసి ఉంటుంది. ఫైలు లాగి వదిలితే చేరుతుంది. బయటి చిత్రాలను అడగకుండా తెరవదు, దాంతో మనం మెయిల్ తెరిచామో లేదో ఆరా తీసే ప్రకటనల వాళ్ళకు అడ్డుకట్ట పడుతుంది. సేల్స్‌కు ఒకటి, అకౌంట్స్‌కు ఒకటి చొప్పున వేర్వేరు పంపేవారి పేర్లు, వాటికి వేర్వేరు సంతకాలు పెట్టుకోవచ్చు. ముందే రాసిపెట్టుకునే జవాబుల సౌకర్యం మాకు రోజూ పనికొస్తుంది. "స్టాకు ఉంది, ధర ఇది, జీఎస్టీ అదనం, రవాణా మీదే" అన్న నాలుగు ముక్కలు ఎవరు మాత్రం రోజంతా టైపు చేస్తారు! 1.5 నుంచి చీకటి రూపం కూడా ఉంది. సాయంత్రం పూట మా అకౌంటెంట్ గారు దాన్నే వాడతారు.

ఒకే వ్యవహారం మీద నడిచిన మెయిళ్ళను కలిపి చూపే థ్రెడ్ అమరిక కూడా ఉంది. దాన్ని ఫోల్డర్ వారీగా మనమే ఆన్ చేసుకోవాలి. చిక్కేమిటంటే అది ఒక ఫోల్డర్‌లో ఉన్నవాటినే కలుపుతుంది. వాళ్ళ ప్రశ్న ఒకచోట, మన జవాబు సెంట్‌లో ఉంటే కథ సగమే కనిపిస్తుంది. జీమెయిల్ 2004లో పుట్టినప్పుడే సంభాషణ మొత్తాన్ని ఒకచోట చూపించింది, జనం కళ్ళు దానికే అలవాటుపడ్డాయి. ఇక్కడ దగ్గరి దారి ఒకటుంది. జవాబును ఏ మెయిల్‌కు ఇస్తున్నామో దాని ఫోల్డర్‌లోనే భద్రపరచమని సెట్టింగుల్లో చెప్పవచ్చు. డీలర్‌కో ఫోల్డర్ పెట్టి, ఈ ఎంపిక ఆన్ చేసి చూడండి. బేరం మొదటి నుంచి చివరిదాకా ఒక్కచోటే చదువుకోవచ్చు.

లేనివాటిలో నాకు బాగా లోటనిపించేది పంపినదాన్ని వెనక్కి తీసుకునే వ్యవధి. జీమెయిల్ ఐదు నుంచి ముప్పై సెకన్ల వరకు ఇస్తుంది. పంపు నొక్కాక ఒక తప్పు అంకె కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించడం అందరికీ అనుభవమే. కొటేషన్లు పంపేవాళ్ళకు ఆ కొద్ది సెకన్లు డబ్బుతో సమానం. రౌండ్‌క్యూబ్‌లో చిరునామాల పుస్తకంలోంచి పేరు తొలగిస్తే వెనక్కి తెచ్చుకునే వీలు ఉంది, పంపిన ఉత్తరానికి లేదు. ప్రాధాన్యం తలకిందులైంది.

వెర్షన్ ఎంతో చూసుకోవడం మరవకండి. ఎలాస్టిక్‌లో ఎడమ పట్టీ అడుగున ఉన్న గుర్తుల్లో 'అబౌట్' నొక్కితే తెలుస్తుంది. 2025 జూన్‌లో తీవ్రమైన భద్రతా లోపం ఒకటి బయటపడి, 1.6.11, 1.5.10 వెర్షన్లలో సరిచేశారు. మీది అంతకంటే పాతదైతే హోస్టింగ్ వాళ్ళకు ఇవాళే ఫోన్ చేయండి, వాయిదా వేయొద్దు. అదే ఫోన్‌లో ఫిల్టర్ల ప్లగిన్, కొత్త మెయిల్ రాగానే డెస్క్‌టాప్ మీద తెలిపే ప్లగిన్ ఆన్ చేయమని అడగండి. రెండూ రౌండ్‌క్యూబ్‌తో పాటు వచ్చేవే, కానీ సర్వర్ నడిపేవాళ్ళు తలుపు తీస్తేనే మన దాకా వస్తాయి.

ఫోన్ బ్రౌజర్‌లో ఎలాస్టిక్ చక్కగా ఒదుగుతుంది, గోడౌన్‌లో నిలబడి ఎల్‌ఆర్ తెరిచి లోడు సరిచూసుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. అయితే బ్రౌజర్ మూసి ఉండగా మెయిల్ వస్తే మాత్రం ఫోన్ మోగదు. ఆ అవసరం ఉన్నవాళ్ళు అదే ఐడీని ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో కూడా కలుపుకోండి. మా కుర్రాడికి అలాగే పెట్టాం, లారీ గేటు దగ్గరికి వచ్చేసరికి కాగితం అతని చేతిలో ఉంటోంది.