చెన్నైలో అమ్ముడయ్యే ‘వర్క్‌ఫోర్స్ ప్రొఫైల్’ రిపోర్టులు: డబ్బు పెట్టి కొనొచ్చా?

అంబత్తూరు, గిండీ ఎస్టేట్లలో షెడ్డు చాలని యూనిట్లు ఇప్పుడు ఆంధ్ర సరిహద్దులోని తడ, శ్రీసిటీ, తమిళనాడులోనే ఉన్న గుమ్మిడిపూండి, ఒరగడం వైపు చూస్తున్నాయి. ఆ ఓనర్లలో తెలుగువాళ్ళూ తక్కువేం లేరు. భూమి ధర మాట్లాడకముందే కన్సల్టెంటు ఒక వర్క్‌ఫోర్స్ ప్రొఫైల్ అమ్మజూపుతాడు. ఆ ప్రాంతంలో పనివాళ్ళు ఎంతమంది, ఏం చదివారు, ఎంత జీతానికి వస్తారు అన్నది అందులో ఉండాలి. మా రేటింగ్ అయిదుకు రెండున్నర. జిల్లాలో జనం ఎంతమందో బాగానే చెబుతాయి. పొద్దున ఆరింటి షిఫ్టుకు గేటు దాటేవాళ్ళెందరో తేల్చవు.

ముందు చూడాల్సింది అంకెల వయసు. పనిచేసే జనాభా అని వేసే పట్టిక చాలావాటిలో 2011 జనగణనదే. ఆ తర్వాత జిల్లాలే మారిపోయాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. సత్యవేడు పాత చిత్తూరు నుంచి, తడ, సూళ్ళూరుపేట పాత నెల్లూరు నుంచి అందులోకి వచ్చాయి. శ్రీసిటీ గురించి రాసిన రిపోర్టు ‘చిత్తూరు జిల్లా కార్మికులు’ అని పాత మొత్తం వేసిందంటే కుప్పం, పలమనేరు కూడా కలిసిపోయినట్టే. కుప్పం మనిషి పనికోసం బెంగళూరు రైలెక్కుతాడు గానీ తడకు రాడు. ఒరగడానిదీ ఇదే తంతు. 2019లో చెంగల్పట్టు విడిపోకముందు కాంచీపురం జిల్లా లెక్కలో తాంబరం కూడా ఉంది. కాబట్టి మండలం, తాలూకా వారీగా మళ్ళీ కూడిన పట్టిక అడగండి. అది ఇవ్వలేమంటే రిపోర్టు అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

నిరుద్యోగ శాతం ఇంకో మాయ. ఉద్యోగ, నిరుద్యోగ లెక్కల కోసం కేంద్రం చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వే నమూనాను జిల్లా ప్రాతిపదికన తీసుకోవడం 2025 జనవరి నుంచే మొదలైంది. అంతకు ముందు సంవత్సరాలకు జిల్లా నిరుద్యోగాన్ని దశాంశాలతో సహా వేసినవాళ్ళను ఆ అంకె ఎక్కడిదని నిలదీయాలి. పైగా ఏడాది మొత్తాన్ని చూసే ‘సాధారణ స్థితి’ లెక్కలో ఏడాదికి 30 రోజులు అనుబంధంగా పనిచేసినా ఉద్యోగి కిందే వస్తారు. కోతలకూ నాట్లకూ వెళ్ళే ఆడవాళ్ళు, పులికాట్ పక్క పల్లెల్లో వేటకు వెళ్ళే కుర్రాళ్ళు ఈ లెక్కలో నిరుద్యోగులు కారు. నిజానికి కొత్త ఫ్యాక్టరీలో చేరేది చాలావరకు వాళ్ళే. నిరుద్యోగం తక్కువ, మనుషులు దొరకరు అని రాసిన రిపోర్టు అందుకే తప్పుదారి పట్టిస్తుంది.

ఇక అసలు పేజీ బస్సు పటం. పది రిపోర్టుల్లో ఒకదానిలో ఉంటే గొప్ప. ‘50 కిలోమీటర్ల వ్యాసార్థం’ అని వృత్తం గీసి చూపించడం నేల విడిచి సాము. జాతీయ రహదారి 16 పక్కన ఉన్న ఊరికీ, అంతే దూరంలో లోపల మట్టిరోడ్డు మీదున్న ఊరికీ పోలికే లేదు. వృత్తంలో కొంత భాగం పులికాట్ నీళ్ళే పడినా పటంలో అందంగానే కనిపిస్తుంది. ఆరింటి షిఫ్టుకు బస్సు 5:45కి గేటు దగ్గర ఉండాలి. ప్రయాణం 45 నిమిషాలు దాటితే మొదటి స్టాపులో అయిదు లోపే నిలబడాలి. అంత పొద్దున రోజూ రావడం కొన్ని వారాలు నడుస్తుంది, తర్వాత మానేస్తారు. గుమ్మిడిపూండికి చెన్నై లోకల్ రైలుంది. కానీ మొదటి రైలు వేళా, మీ షిఫ్టు వేళా కలుస్తాయా అన్నది రిపోర్టులో రాయించుకోండి.

దీనికి లెక్క వేసి చూడండి. రోజూ 100 మంది లైను మీద కావాలి, గైర్హాజరు 10 శాతం అనుకుంటే పేరోల్ మీద 112 మంది ఉండాలి. నెలకు 5 శాతం మానేస్తే నెలకు అయిదారుగురు, ఏడాదికి 67 మంది కొత్తవాళ్ళు. అంటే బస్సు అందే ఊళ్ళ నుంచి ఏటా 67 మంది దొరకాలి, అదీ పక్క ఫ్యాక్టరీ లాక్కోకుండా. సంక్రాంతి వారంలోనూ, మార్చి ఏప్రిల్ వరికోతల్లోనూ గైర్హాజరు పదిలో ఆగదు. నెలవారీ గైర్హాజరు పట్టిక లేని రిపోర్టు సంవత్సర సగటు చూపించి జోకొడుతుంది.

నైపుణ్యాల అధ్యాయంలో ఐటీఐ సీట్ల సంఖ్య చూసి మురిసిపోకండి. మంజూరైన సీట్లు, చేరినవాళ్ళు, పాసైనవాళ్ళు, ఆ ఊళ్ళోనే ఉన్నవాళ్ళు నాలుగూ వేర్వేరు అంకెలు. ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు రెండేళ్ళ కోర్సులు, వెల్డరు ఏడాది. మీకు కావలసింది సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే యంత్రం) మీద చెయ్యి తిరిగిన టర్నరైతే ట్రేడు వారీగా చూడాలి, మొత్తం చూస్తే లాభం లేదు. 30 మంది, ఆపైన ఉన్న సంస్థకు అప్రెంటిస్‌లను 2.5 నుంచి 15 శాతం దాకా పెట్టుకోవడం తప్పనిసరి. కేంద్రం అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం ఎన్ఏపీఎస్ కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. ఈ ముక్క రిపోర్టులో లేకపోతే రాసినవాళ్ళకు షాపు ఫ్లోరు తెలీదనే అర్థం.

జీతాల పేజీలో చేతికొచ్చేదా, సంస్థకయ్యేదా అన్నది తేల్చుకోవాలి. బేసిక్, డీఏ కలిపి 15,000 ఉండి మొత్తం 16,000 ఇచ్చే ఆపరేటరుకు యజమాని వంతు పీఎఫ్ 1,800, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే బీమా), నిర్వహణ ఛార్జీలు 150, ఈఎస్ఐ 3.25 శాతం లెక్కన 520 కలిపి 18,470 అవుతుంది. బోనస్, గ్రాట్యుటీ, బస్సు, కాంటీను దీని మీద. కాంట్రాక్టరు ద్వారా అయితే సర్వీసు ఛార్జీ, 18 శాతం జీఎస్టీ అదనం. పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాక వేతనం నిర్వచనమే మారింది. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంతా వేతనంలోకే వస్తుంది. అంతకు ముందు తయారైన రిపోర్టులో జీతాల పేజీని మళ్ళీ వేయించుకోవాల్సిందే.

సరిహద్దుకు అటూ ఇటూ ఏది నయం అని పోల్చే రిపోర్టులో ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రస్తావన తప్పక ఉండాలి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలన్న చట్టమది. గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చే తెలుగు ఆపరేటర్లు తడలో స్థానికులు కారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆధార్ అడ్రసు తమిళనాడుది. లాయరును అడగకుండా ఈ భాగం నమ్మొద్దు.

బస గురించి ఒక్క పేరా కూడా ఉండదు చాలావాటిలో. 2021 డిసెంబర్‌లో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ ప్లాంటులో పనిచేసే అమ్మాయిలు హాస్టల్లో తిండి పాడై జబ్బుపడ్డారు. వాళ్ళు రోడ్డెక్కాక ప్లాంటు జనవరి దాకా మూతపడింది. దూరం నుంచి ఆడపిల్లలను తెచ్చుకునే ఆలోచన ఉంటే హాస్టలు పడకలు, మరుగుదొడ్లు, వంటగది ఎవరి చేతిలో ఉందన్నది మనుషుల సంఖ్య కంటే ముందు రాయాలి.

కాంట్రాక్టర్లు ఉచితంగా ఇచ్చే ప్రొఫైల్స్ కూడా తిరుగుతుంటాయి. జీతాల అంచనా వరకూ పనికొస్తాయి. మనుషులు దొరకరని మాత్రం అందులో ఎన్నడూ కనిపించదు. డబ్బిచ్చి కొనేదైతే మూడోవంతు ఆపి పెట్టండి. మండలం వారీ పట్టిక, ఊరూరి బస్సు సమయాలు, కనీసం మూడు పొరుగు యూనిట్ల గైర్హాజరు అంకెలు చేతికొచ్చాకే మిగతాది ఇవ్వండి.