నాచు కణానికి కొవ్వు పట్టాలంటే ఆటోఫజీని ఆపాలా, నడవనివ్వాలా?

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే బయోటెక్నాలజీ పిల్లలు అడిగేది ఒకటే: "ఆటోఫజీ అంటే కణం తనను తానే తినడం కదా సార్, దాన్ని ఆపేస్తే కొవ్వు మిగలదా?" వినడానికి సబబుగానే ఉంటుంది. క్లామిడోమోనాస్ అనే ఏకకణ పచ్చ నాచు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

ముందు నత్రజని ఆపి, కణాన్ని ఆకలితో ఉంచి ఆటోఫజీని నడవనిచ్చే పద్ధతి. కణాలను కడిగి, నత్రజని ఇచ్చే అమ్మోనియం క్లోరైడ్ వేయని టాప్ మీడియంలో (నాచును పెంచే పోషక ద్రవంలో) వదిలితే కొద్ది రోజుల్లో ఫ్లాస్కులో ముదురు ఆకుపచ్చ పోయి పసుపు తేలుతుంది. కొవ్వుకు అంటుకునే నైల్ రెడ్ రంగు వేసి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో చూడండి: పత్రహరితం ఎర్రగా, మధ్యమధ్యలో బంగారు రంగు నూనె బొట్లు. లోపల కణం ఇల్లు పీకి పందిరేస్తోందన్నమాట. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను విప్పి నత్రజని రాబట్టుకుంటుంది. హరితరేణువు పొరల్లోని గాలాక్టోలిపిడ్లనే కొవ్వుల నుంచి కొవ్వు ఆమ్లాలు లాగి ట్రైగ్లిజరైడ్లు, అంటే ఆ బొట్లలోని నూనె, కడుతుంది. ఈ రెండో పనిలో పీజీడీ1 అనే లైపేజ్ (కొవ్వును విడగొట్టే ఎంజైమ్) చెయ్యి కూడా ఉంది కాబట్టి మొత్తం ఆటోఫజీ ఖాతాలో వేయకండి.

ఇక ఆటోఫజీని ఆపే పద్ధతి. కాంకనమైసిన్-ఎ అనే మందు వేస్తే రిక్తికలో (కణం పాత సామాను అరిగించే సంచిలో) ఆమ్లత్వం పడిపోతుంది, అక్కడికి చేరిన సరుకు అరగదు. మరి కొవ్వు పెరగాలి కదా? పెరగలేదు. స్పెయిన్‌లోని సెవిల్ పరిశోధకులు 2018లో చూపినట్టు, నత్రజని లేనప్పుడు ఇలా ఆపితే ట్రైగ్లిజరైడ్ల తయారీయే కుంటుపడింది, రైబోజోమ్ ప్రోటీన్లు కరగకుండా ఉండిపోయాయి. ఆ మందు రిక్తిక పనులన్నిటినీ చెడగొడుతుంది, నేరమంతా ఆటోఫజీ మీద వేయలేం. అయినా నాకు తేల్చేది ఈ ఫలితమే. పాత సామాను విప్పకుండా ఆకలితో ఉన్న కణం కొవ్వు కట్టలేకపోతోంది.

కొవ్వునే తినే లైపోఫజీ లేదా అంటే, కొన్ని జాతుల్లో ఉంది. అది ఎక్కువగా కనిపించేది తిండి దొరికి కణం మళ్లీ ఎదిగేటప్పుడు. ఆ దశ రాకముందే కోసేస్తే సరి.

రాపమైసిన్‌తో టీఓఆర్‌ను (కణం ఎదుగుదలను నడిపే ప్రోటీన్‌ను) అణచినా ఆటోఫజీ మొదలవుతుంది, కానీ మందు ఖరీదు చూస్తే అది ల్యాబ్ ముచ్చటే. పిండిపదార్థం చేయలేని ఎస్‌టీఏ6 మ్యూటెంట్‌లో నూనె ఎక్కువే. స్ట్రెయిన్ దొరికితే పోల్చడానికి పెట్టుకోండి.

నా ఓటు నత్రజని ఆపడానికే, ఒక షరతుతో. ఆకలి పెట్టాక కణం విభజన మానేస్తుంది, కాబట్టి శాతం పెరిగినా లీటరుకు వచ్చే నూనె పెరగకపోవచ్చు. 2017లో సింథటిక్ జెనోమిక్స్, ఎక్సాన్‌మొబిల్ కంపెనీల వాళ్లు నానోక్లోరాప్సిస్ అనే మరో నాచులో ఒక నియంత్రక జన్యువును తగ్గించి, ఎదుగుదల పెద్దగా దెబ్బతినకుండా కొవ్వును దాదాపు 20 శాతం నుంచి 40 శాతం పైకి తీసుకెళ్లింది అందుకే గొప్ప. మనకు ఆ దారి లేదు. ముందు నిండు మీడియంలో బాగా పెంచి, తర్వాతే నత్రజని లేని మీడియంలోకి మార్చండి. రిపోర్టులో శాతం పక్కనే పొడి బరువు రాయండి. ఆటోఫజీ అన్న మాట వాడాలంటే ఏటీజీ8 అనే ఆటోఫజీ ప్రోటీన్‌ను చూపే బ్లాట్ కూడా పెట్టండి.