నెట్‌వర్క్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లకు హెచ్చరిక: డెమో చూసి డబ్బు కట్టకండి

ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, సహకార బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో నెట్‌వర్క్ చూసుకునే తోటివారికి ఈ విషయం చేరాలని రాస్తున్నాను. స్విచ్‌లు, రూటర్లు, వైఫై యాక్సెస్ పాయింట్లు, సర్వర్లు అన్నింటినీ ఒకే తెరపై చూపిస్తామంటూ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఇప్పుడు జిల్లా కేంద్రాలకూ వస్తున్నారు. మా ఆసుపత్రి అలాంటి ఒక సంస్థ దగ్గర కొన్నది. వాళ్లతో వ్యవహారం ఇంకా తేలలేదు కనుక పేరు రాయడం లేదు. వాళ్లు అమ్మిన తీరు తెలిస్తే చాలు, అదే తీరులో మరెవరు వచ్చినా మీరు పసిగట్టగలరు.

డెమోలో అరచేతిలో వైకుంఠం చూపించారు. వాళ్ల లాప్‌టాప్‌లో భవనం పటం, దాని మీద పచ్చ చుక్కలు, ఒక చుక్క ఎర్రబడగానే మోత. తీరా చూస్తే ఆ చుక్కల వెనక నిజమైన పరికరాలు లేవు, ముందే నింపి పెట్టుకున్న సమాచారం మాత్రమే ఉంది. మా స్విచ్‌ల మీద నడిపి చూపమని అడిగితే, ‘ఆర్డరు ఇవ్వండి సార్, ఇన్‌స్టలేషన్ రోజున అన్నీ చూపిస్తాం’ అన్నారు. మీకు ఈ సమాధానం వస్తే బేరం అక్కడితో ఆపేయండి.

ముందు లైసెన్సుల సంగతి. కొటేషన్‌లో ‘150 లైసెన్సులు’ అని ఉంది. మా పరికరాలు వందకు కొంచెం పైన. ఇంకా మిగులుతాయని నోటిమాటగా చెప్పారు. 48 పోర్టుల కోర్ స్విచ్‌ను (మిగతా స్విచ్‌లన్నీ కలిసే ప్రధాన స్విచ్‌ను) చేర్చగానే ఆ 150లో 50కి పైగా తరిగిపోయాయి. వాళ్ల లెక్కలో లైసెన్సు పరికరానికి కాదు, ఆ పరికరంలో గమనించే ప్రతి అంశానికీ ఒకటి. పోర్టుకు ఒకటి, సీపీయూకు ఒకటి, మెమరీకి ఒకటి, ఉష్ణోగ్రతకు ఒకటి. మూడో స్విచ్ పూర్తికాకుండానే 150 అయిపోయాయి. అంశాల వారీగా లెక్కించే పద్ధతి ఈ రంగంలో ఉన్నదే, పేరున్న సంస్థలు ఆ మాట ధరల పట్టికలోనే రాస్తాయి. నోటితో ‘పరికరం’ అని చెప్పి కాగితం మీద ఉత్త ‘లైసెన్సు’ అని రాయడమే మోసం. మిగిలిన వాటి కోసం వాళ్లు అడిగిన అదనపు మొత్తం, 18 శాతం జీఎస్టీతో కలిపి, మొదటి బిల్లును దాటింది.

పెట్టిన ఆ కొద్ది పరికరాలైనా సరిగా చూపించిందా అంటే అదీ లేదు. స్కానింగ్ విభాగం నుంచి సర్వర్ గదికి 1 గిగాబిట్ ఫైబర్ లైను ఉంది. రాత్రిళ్లు సీటీ, ఎంఆర్ఐ చిత్రాల బ్యాకప్ ఆ దారినే వెళ్తుంది. అప్పుడు లైను దాదాపు నిండిపోతుందని స్విచ్‌లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ గ్రాఫ్ మాత్రం ఏ రాత్రి చూసినా 115 మెగాబిట్లు దాటలేదు. పైన ఒక గీత గీసినట్లు ఎప్పుడూ దాని కిందే ఆడేది. కారణం లోతైనదేమీ కాదు. పోర్టు గుండా వెళ్లిన బైట్లను స్విచ్ ఒక కౌంటర్‌లో లెక్కపెడుతుంది. పాత 32 బిట్ల కౌంటర్ దాదాపు 429 కోట్ల బైట్ల దగ్గర నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 1 గిగాబిట్ లైను పూర్తి వేగంతో నడిస్తే అది నిండటానికి 34 సెకన్లు చాలు. ఈ సాఫ్ట్‌వేర్ ఐదు నిమిషాలకు ఒకసారి చదువుతోంది. ఆలోగా కౌంటర్ ఎన్నిసార్లు తిరిగిందో దానికి తెలిసే వీలే లేదు. ఆ లెక్కతో ఐదు నిమిషాల సగటు ఎంత పెరిగినా 115 మెగాబిట్ల లోపే తేలుతుంది. దీనికి విరుగుడుగా 64 బిట్ల కౌంటర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, మా స్విచ్‌లలోనూ ఉన్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ వాటిని అడగలేదు, ఎందుకంటే అది ఎస్ఎన్‌ఎంపీ (పరికరాల స్థితిని అడిగి తెలుసుకునే ప్రోటోకాల్) మొదటి వెర్షన్‌లోనే మాట్లాడుతోంది. 1988 నాటి ఆ వెర్షన్‌లో 64 బిట్ల లెక్కే లేదు. ఆ గ్రాఫ్‌ను నమ్మితే లైను ఖాళీగా ఉందనుకుంటాం, డాక్టరు ఎదురుగా స్కాన్ చిత్రం తెరుచుకోక తిరుగుతుంటే తప్పు సర్వర్‌దనుకుంటాం.

హెచ్చరికల విషయమూ ఇంతే. ఇంటర్నెట్ లైను పోయిందన్న కబురు ఈమెయిల్‌లో వస్తుందట. ఆ మెయిల్ వెళ్లాల్సింది పోయిన ఆ లైను మీదుగానే. మరి ఎస్ఎంఎస్ ఏదని అడిగితే, డీఎల్‌టీలో (సంస్థల ఎస్ఎంఎస్‌ల కోసం టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదికలో) సంస్థ పేరు నమోదు చేసి, హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (సందేశం నమూనా) మీరే ఆమోదింపజేసుకోండి, ఎస్ఎంఎస్ ప్యాకేజీ విడిగా కొనండి అన్నారు. మన దేశంలో సంస్థల ఎస్ఎంఎస్‌లకు ఆ నమోదు తప్పనిసరి అన్నది నిజమే. కానీ బ్రోచర్‌లో ‘ఎస్ఎంఎస్ అలర్ట్ ఉచితం’ అని అచ్చు వేసినవాళ్లు కొనకముందే చెప్పాల్సిన మాట అది. ఇక ఒక అంతస్తులో స్విచ్‌కు కరెంటు పోతే, దాని వెనకున్న ప్రతి కెమెరాకూ ప్రతి యాక్సెస్ పాయింటుకూ వేర్వేరు హెచ్చరిక వచ్చి పడేది. అసలు పోయినది ఏదో ఆ వరదలో వెతుక్కోవాలి.

ఇవన్నీ డబ్బుతోనో ఓపికతోనో సర్దుకునేవి. నేను ఇంత ఆందోళనతో రాస్తున్నది వేరే సంగతి వల్ల. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కు నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరం గుట్టూ తెలియాలి. కాపలాదారు చేతికి ఇంట్లోని గదులన్నింటి తాళాలు ఇచ్చినట్లే. ఆ తాళాలను వీళ్లు ఎలా వాడారో చూడండి.

నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను విప్పి చూపే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి ఆ సర్వర్ నుంచి వెళ్లే ప్యాకెట్లు పట్టి చూశాను. ఒక ప్యాకెట్ తెరవగానే కమ్యూనిటీ అన్న చోట ‘ప్రైవేట్’ అన్న మాట ఏ ముసుగూ లేకుండా కనిపించింది. ఎస్ఎన్‌ఎంపీ మొదటి రెండు వెర్షన్లలో సంకేతపదం ఇలా బాహాటంగానే వెళ్తుంది. పైగా అది ప్రపంచమంతటికీ తెలిసిన పాత డిఫాల్ట్ పదం. చదవడానికి మాత్రమే అనుమతి చాలిన చోట, మార్పులు చేసే అనుమతితో దాన్ని మా స్విచ్‌లన్నింటిలో వాళ్ల మనిషి పెట్టి వెళ్లాడు. అది తెలిసినవాడు నెట్‌వర్క్‌లో ఏ మూల కూర్చుని అయినా ఒక పోర్టును మూసేయగలడు. కొన్ని స్విచ్‌లలో అయితే కాన్ఫిగరేషన్ మొత్తాన్నీ బయటకు కాపీ చేసుకోగలడు. ఐసీయూ మానిటర్లు ఏ స్విచ్‌కు తగిలించి ఉన్నాయో తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. గుర్తింపు, గోప్యత రెండూ ఉన్న మూడో వెర్షన్ ప్రమాణాలు 2002లోనే వచ్చాయి.

అంతటితో ఆగలేదు. ఆ సర్వర్‌లో వాళ్ల ఆఫీసు నుంచి ఎప్పుడైనా లోపలికి రావడానికి రిమోట్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. మాకు చెప్పలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే ‘పాలసీ ప్రకారం మా దగ్గరే ఉంటుంది’ అన్నారు. డబ్బు మాది, సర్వర్ మాది, పాస్‌వర్డ్ వాళ్లదట. ఇలాంటి దారుల వల్ల ఏమవుతుందో లోకం చూసింది. 2020 డిసెంబరులో సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దొంగకోడ్ దూరిందని బయటపడింది. ఆ అప్‌డేట్ 18,000 మంది దాకా వినియోగదారులకు చేరి ఉండవచ్చని ఆ సంస్థే చెప్పింది. 2021 జులైలో కసేయా వారి రిమోట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీదుగా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగకోడ్) పాకితే, స్వీడన్‌లో కోప్ సూపర్‌మార్కెట్లు బిల్లింగ్ యంత్రాలు పనిచేయక వందల దుకాణాలు మూసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థల సరుకులోనే అలా జరిగినప్పుడు, ‘ప్రైవేట్’ అని పెట్టి వెళ్లిపోయేవాళ్ల చేతిలో మన పాస్‌వర్డ్‌లు ఉండటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

లాగుల (ఎప్పుడు ఏం జరిగిందో సిస్టమ్‌లు రాసుకునే నమోదుల) విషయం కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. మాకు అమ్మిన పెట్టె 30 రోజులు దాటితే పాతవి చెరిపేస్తుంది. ఎక్కువ కావాలంటే మళ్లీ ఇంకో బిల్లు.

ఇప్పుడు ఎవరైనా మీ ముందు కొటేషన్ పెడితే, మీ ర్యాక్‌లోని పరికరాల మీద కనీసం రెండు వారాలు నడిపి చూపమనండి. అందులో ఒకరోజు మీరే ఒక స్విచ్ కరెంటు తీసి, ఇంటర్నెట్ కేబుల్ ఊడదీసి, కబురు ఎంతసేపటికి, ఏ దారిన వస్తుందో చూడండి. సిమ్ ఉన్న జీఎస్ఎం మోడెమ్ ద్వారా సందేశం వెళ్తే అది పనికొచ్చే ఏర్పాటు. ఎస్ఎన్‌ఎంపీ మూడో వెర్షన్‌తో, చదివే అనుమతి మాత్రమే ఇచ్చి నడపమనండి. కుదరదంటే ఆ సరుకు వద్దు. లైసెన్సు దేనికి లెక్క, ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం డబ్బు) కట్టకపోతే అప్‌డేట్లు మాత్రమే ఆగుతాయా లేక సాఫ్ట్‌వేరే ఆగిపోతుందా, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. నోటిమాటకు ఆడిటర్ దగ్గర విలువ లేదు, కోర్టులో రుజువు చేయడమూ కష్టమే.

నేర్చుకునే మనిషి ఒకరుంటే జాబిక్స్, లిబ్రేఎన్ఎంఎస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. రెండూ మూడో వెర్షన్‌నూ 64 బిట్ల కౌంటర్లనూ వాడతాయి. కొన్ని వారాలు కూర్చుని అమర్చుకోవాలి, ఆ తర్వాత చూసుకునేవారూ ఉండాలి. ఆ మనిషి లేనిచోట డబ్బిచ్చి కొనడమే మేలు, కానీ పైన చెప్పిన షరతులతో.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ వారంలోనే ఒక పని చేయండి. ప్రతి స్విచ్‌లోకి వెళ్లి ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అన్న కమ్యూనిటీలు ఉంటే తీసేయండి. ఎస్ఎన్‌ఎంపీ వాడే 161 నంబరు పోర్టుకు మానిటరింగ్ సర్వర్ ఒక్కటే చేరగలిగేలా యాక్సెస్ లిస్టు పెట్టండి. ఆ సర్వర్‌లో మీరు పెట్టని రిమోట్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందేమో వెతికి తొలగించండి. ఆ తర్వాత స్విచ్‌ల పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. ఈ మార్పులతో సాఫ్ట్‌వేర్ పనిచేయడం మానేసిందని అమ్మినవాళ్లు ఫోను చేస్తే, మూడో వెర్షన్‌లోకి మార్చి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. మేమూ అలాగే అడిగాం, జవాబు కోసం చూస్తున్నాం.