అంతరిక్ష నవలలో స్త్రీ రాజ్యం: సింహాసనమా, అమ్మ ఇల్లా?

అంతరిక్ష సాహస నవలలో స్త్రీల మాట చెల్లే గ్రహాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. మొదటిది అందరికీ అలవాటైనదే: మగవాళ్ల రాజ్యాన్ని తిరగేసి పెట్టడం. రాణి ఆజ్ఞాపిస్తుంది, మగవాళ్లు తలవంచుతారు. ఆమె కోసం ఇద్దరు పైలట్లు పోటీపడితే గెలిచినవాడికి రాణితో పాటు హోదా కూడా దక్కుతుంది. కథ పరుగెడుతుంది. కానీ వాళ్లు కొట్టుకునేది ప్రేమ కోసమా, పదవి కోసమా అన్నది చివరిదాకా తేలదు.

రెండోది తల్లి ఇంటి చుట్టూ అల్లుకున్న సమాజం. చైనాలో లుగు సరస్సు దగ్గర ఉండే మోసువో జనం సంప్రదాయం ఇలాంటిదే. మగవాడు రాత్రి ప్రియురాలి ఇంటికి వెళ్లి, తెల్లారేసరికి తన తల్లి ఇంటికి తిరిగొస్తాడు. పిల్లలు తల్లి ఇంట్లోనే, మేనమామల చేతుల్లో పెరుగుతారు.

దీన్ని ఒక అంతరిక్ష కేంద్రంలో ఊహించండి. ఒకామె గది తలుపు దగ్గర, ఆమెను ప్రేమించే ఇద్దరు పైలట్లు ఎదురుపడ్డారు. గెలిస్తే ఆస్తి రాదు, కెప్టెన్ పదవీ రాదు. లోపల వెలుగుతున్న దీపం ఎవరి కోసం? తలుపు తీయడం, తీయకపోవడం ఆమె ఇష్టం. ఆ నిమిషంలో ఉండే టెన్షన్ ఏ కత్తియుద్ధంలోనూ రాదు.

నా ఓటు దీనికే. మొదటి పద్ధతిలో పేరుకు రాణి అయినా ఆమె బహుమతిగానే మిగిలిపోతుంది. రెండోదానిలో రచయితకు పని ఎక్కువ, నిజమే. ఆస్తి ఎవరికి పోతుందో ముందే ఆలోచించుకోవాలి. మేఘాలయలోని ఖాసీ తెగలో తల్లి ఇల్లు చిన్న కూతురికి దక్కుతుంది. అలాంటి నియమం ఒక్కటి పెట్టుకుంటే అక్కాచెల్లెళ్ల మధ్య కూడా కథ పుడుతుంది.