బ్రౌజర్‌లోనే మెయిల్: వివాల్డీతో మూడేళ్ల పైచిలుకు

నేను ప్రూఫులు దిద్దుకుని బతికే మనిషిని. నాకు మూడు మెయిల్ ఐడీలు. ఒకటి ఇంటి వ్యవహారాలకి, ఒకటి ప్రూఫులకి, మూడోది ఎప్పుడో సరదాపడి కొన్న సొంత డొమైన్ మీదిది. ఈ మూడో ఐడీని వదిలేద్దామనుకున్న ప్రతిసారీ ఎవరో పాత మిత్రుడు దానికే రాస్తాడు. 2022 చివర్లో మూడింటినీ వివాల్డీ బ్రౌజర్‌లో ఉండే మెయిల్‌లోకి ఎక్కించాను. అంతకుముందు రెండు జీమెయిల్ ట్యాబులు, మూడోదానికి థండర్‌బర్డ్ అనే విడి మెయిల్ ప్రోగ్రాము. ఏ ఉత్తరం ఎక్కడికొచ్చిందో గుర్తుపెట్టుకోవడమే సగం పని.

బ్రౌజర్‌లో మెయిల్ ఏమిటి, పేజీలు చూపిస్తే చాలదా అని అడిగేవాళ్లున్నారు. నిజానికి ఈ రెండూ మొదట్లో కలిసే ఉండేవి. 1990ల నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో మెయిల్ ఒక భాగం. 2004 నాటికి మొజిల్లా వాళ్లు బ్రౌజరైన ఫైర్‌ఫాక్స్‌ని, థండర్‌బర్డ్‌ని వేరు కాపురాలు పెట్టించారు. ఒపెరా బ్రౌజర్‌లోనూ మెయిల్ ఉండేది. 2013లో గూగుల్ క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం మీదికి మారినప్పుడు దాన్ని బయటికి పంపేశారు. ఒపెరా స్థాపకుల్లో ఒకరైన యోన్ వాన్ టెట్స్‌నర్ తర్వాత పెట్టిన కంపెనీయే వివాల్డీ. వాళ్ల మెయిల్ 1.0 2022 జూన్‌లో వచ్చింది.

నేను ఒపెరా కాలం వాణ్నే. బ్రాడ్‌బ్యాండ్‌ని ఎంబీల్లో లెక్కపెట్టుకుని వాడిన రోజులవి. తెల్లవారుజామున లేచి మెయిళ్లన్నీ దింపేసుకుని, లైను కట్టేసి, కాఫీ తాగుతూ చదివేవాణ్ని. ఒపెరా నుంచి మెయిల్ తీసేసినప్పుడు కొంచెం బాధపడ్డ మాట నిజం. కాబట్టి ఈ సమీక్షలో పాత ప్రేమ కొంత కలిసి ఉంటుందని ముందే చెప్పేస్తున్నా.

పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. జీమెయిల్‌కి గూగుల్ సొంత లాగిన్ కిటికీయే తెరుచుకుంటుంది. వేరే ప్రోగ్రాములకి ఉత్త పాస్‌వర్డ్ ఇచ్చేసే పద్ధతిని గూగుల్ 2022 మే నెలాఖరులో ఆపేసింది. సొంత డొమైన్‌కి మాత్రం సర్వర్ పేరు, పోర్టు నంబరు నేనే కొట్టాల్సి వచ్చింది. పాత మెయిళ్లన్నిటినీ పూర్తి పాఠంతో ముందే దింపెయ్ అని ఒక టిక్కు పెట్టాను. పెట్టింది ఫోన్ హాట్‌స్పాట్ మీద. ఆ రోజు 1.5 జీబీ మధ్యాహ్నం భోజనం లోపే హరీ అంది. తెలివి నాదే, ఇంకెవర్నీ అనడానికి లేదు.

మొదట్లో నన్ను ఊరించింది ఇది: మెయిల్లో లింకు నొక్కితే పక్క ట్యాబులో తెరుచుకుంటుంది, చదివి వెంటనే జవాబు రాయొచ్చు. వారం తిరిగేసరికి అదేమంత గొప్ప కాదని తేలిపోయింది. విడిగా ఉన్న ప్రోగ్రాములో నొక్కినా బ్రౌజరే కదా తెరుచుకునేది. మిగిలేది ఒక కిటికీ మార్పు, అంతే.

అసలు లాభం ఎక్కడుందో తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. ఒక ప్రచురణకర్త ఫోన్ చేశారు. "ఆ అధ్యాయం పేరు మార్చమన్నది మీరేనండీ, పుస్తకం అచ్చయిపోయింది, ఇప్పుడు రచయిత గొడవపెడుతున్నారు" అని. నేను మార్చమనలేదు. కానీ లేదు అనడానికి కాయితం కావాలి కదా. అప్పుడు మా వీధిలో కరెంటు లేదు, ఇంట్లో నెట్టూ లేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ అధ్యాయం పేరు వెతికాను. మూడు ఐడీల్లోనూ ఒకేసారి వెతికింది. నేను దిద్ది పంపింది ప్రూఫుల ఐడీలో ఉంది. మార్చమన్న మాట డీటీపీ సెంటర్ ఐడీ నుంచి నా సొంత డొమైన్‌కి వచ్చింది. అందులో కింద అతికించి ఉన్నది రచయిత రాసిన ఉత్తరమే! పాత పద్ధతిలో అయితే నేను ప్రూఫుల ఐడీ ఒక్కదాన్నే వెతికి, దొరకక, తప్పు ఒప్పుకునేవాణ్నేమో. ఫోన్‌లోనే తేదీ, టైమూ చదివి వినిపించాను. అటువైపు కాసేపు మౌనం.

దీని వెనక ఉన్నది మామూలు ఏర్పాటే. మెయిళ్లన్నీ నా డిస్కు మీదే, ఒకే చోట ఉంటాయి. ఫోల్డర్లు మార్చుకుంటూ సర్దక్కర్లేదు. ఒక వెతుకులాటని ఫిల్టరుగా దాచుకుంటే అది పక్క ప్యానెల్లో కూర్చుంటుంది, కొత్త మెయిల్ వస్తే అందులో కూడా కనిపిస్తుంది. ఒకే ఉత్తరం "రెండో ప్రూఫు"లోనూ ఉంటుంది, "డబ్బు రావాల్సినవి"లోనూ ఉంటుంది. ఈ రెండో ఫిల్టరు ఎప్పుడూ ఖాళీ అవదు, అది వేరే కథ. మెయిలింగ్ లిస్టుల ఉత్తరాలు వాటంతటవే విడిగా చేరతాయి కాబట్టి అసలు పని వాటి కింద పడి నలగదు.

తెలుగు సంగతీ చెప్పాలి. వెబ్ పేజీని గీసే ఇంజినే మెయిల్‌నీ గీస్తుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు పేజీలో ఎలా ఉంటాయో ఇక్కడా అలాగే ఉంటాయి. యూనికోడ్‌లో రాసిన ఉత్తరాలకే ఈ సుఖం. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిందాన్ని అలాగే మెయిల్లో అతికించి పంపే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ల ఉత్తరాన్ని బ్రహ్మదేవుడు కూడా చదవలేడు.

ఇక ఇబ్బందులు. వివాల్డీ మెయిల్ కంప్యూటర్‌కే పరిమితం. వాళ్ల ఫోన్ బ్రౌజర్‌లో అది లేదు. ఫోన్‌లో నేను వేరే యాప్ వాడుతున్నాను. మెయిళ్లని సర్వర్‌తో సరిచూసుకుంటూ ఉండే ఐమ్యాప్ పద్ధతి కాబట్టి ఇక్కడ చదివింది అక్కడా చదివినట్టే కనిపిస్తుంది, కానీ కష్టపడి కట్టుకున్న ఫిల్టర్లు అక్కడ ఉండవు.

దీనికన్నా పెద్ద చిక్కు స్వభావంలోనే ఉంది. బ్రౌజర్ అనేది మనం విసుగొచ్చినప్పుడు మూసేసే వస్తువు. మెయిల్ మూసెయ్యకూడని వస్తువు. ఒక రాత్రి చివరి ప్రూఫు జతచేసి పంపు నొక్కాను. నెట్ లేదని చూసుకోలేదు. ఉత్తరం అవుట్‌బాక్స్‌లో ఆగింది. నేను బ్రౌజర్ మూసి పడుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి "ఫైలు ఏదండీ?" అని ఫోన్ వచ్చాక గానీ తెలీలేదు. అప్పట్నుంచి పడుకునే ముందు గ్యాస్ కట్టామా లేదా అని చూసినట్టు అవుట్‌బాక్స్ చూస్తున్నా. పైగా ఏదో చదువుకుంటుంటే పక్కనే చదవని మెయిళ్ల అంకె మెరుస్తూ ఉంటుంది. ఆ టెన్షన్ పడలేక ప్యానెల్ దాచేశాను.

ప్రతి బ్రౌజర్లోనూ మెయిల్ ఉండి తీరాలా అంటే, ఉండొచ్చు గానీ అడిగితేనే నిద్రలేవాలి. వివాల్డీ మొదటిసారి తెరిచినప్పుడే మెయిల్, క్యాలెండర్ కావాలా అని అడుగుతుంది. మా ఆవిడ అదే బ్రౌజర్‌ని అవేవీ లేకుండా వాడుతోంది. తనకి అందులో మెయిల్ ఉందనే తెలీదు.

మొన్న పండక్కి వచ్చిన బావమరిది నా స్క్రీన్ చూసి ముచ్చటపడ్డాడు. "బావా, నాకూ పెట్టు" అన్నాడు. నీకెన్ని ఐడీలున్నాయి అని అడిగాను. ఒకటే, అదీ ఓటీపీలకీ బ్యాంకు మెసేజీలకీ అన్నాడు. జీమెయిల్ ట్యాబుని పిన్ చేసి ఇచ్చాను.