14 డాలర్ల వెటరన్స్ డే ప్యాక్: నాకు మిగిలినవి రెండు పేజీలు

క్లాసులో చేయించే పనుల ప్యాక్, నలభై ఎనిమిది పేజీల పీడీఎఫ్. ధర 14 డాలర్లు. అందులో వచ్చే ఏడు కూడా వాడదామనుకుంటున్నవి రెండే పేజీలు. లెక్కేస్తే పేజీకి ఏడు డాలర్లు. అయినా డబ్బులు దండగని అనలేకపోతున్నాను, ఎందుకో చెప్తాను.

నేను ఆరిజోనాలో సెవెంత్ గ్రేడ్‌కి సోషల్ స్టడీస్ చెప్తాను. ఇది మూడో ఏడు. వెటరన్స్ డే అంటే సైన్యంలో పనిచేసినవాళ్ళని గౌరవించే రోజు, నవంబర్ 11. ఆ రోజు మాకు సెలవు, కాబట్టి ఏం చేయించినా ముందే చేయించాలి. అక్టోబర్ ఆఖర్లో, గ్రేడింగ్ నెత్తి మీద కూర్చుని ఉండగా, రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఈ ప్యాక్ కొన్నాను. టీచర్లు తాము తయారుచేసిన పాఠాలు అమ్ముకునే సైట్లున్నాయి కదా, అలాంటి చోట. అమ్మినావిడ పేరు చెప్పను. డౌన్‌లోడ్ చేశాక డబ్బు వెనక్కి రాదు, అది ముందే రాసి ఉంది.

కవర్ మీద 'గ్రేడ్స్ 6–8' అని పెద్దక్షరాలు. లోపల చూస్తే పదాల వెతుకులాట, రంగులేసే బొమ్మలు, చేతిముద్రతో గద్ద. పన్నెండేళ్ళ పిల్లాడికి చేతికి రంగు పూసుకుని గద్ద చేయమని ఇస్తే, వాడు ఒకసారి కాగితం వైపు చూసి, ఒకసారి మన వైపు చూస్తాడు. ఆ చూపు నేను పడలేను. అవి ప్రింటే తీయలేదు. పైగా అన్నీ కలర్ పేజీలే. మా కాపియర్‌లో వచ్చేది నలుపూ తెలుపే, దానికీ నెలకి కోటా. జెండా పేజీ ఒకటి తీసి చూస్తే ఎరుపూ నీలమూ రెండూ ఒకే బూడిద రంగులో వచ్చాయి.

అసలు తప్పు పట్టుకున్నది నేను కాదు, మూడో పీరియడ్‌లో ఒక కుర్రాడు. సైనిక విభాగాల చార్టులో ఐదు చిహ్నాలే ఉన్నాయి: ఆర్మీ, మెరైన్ కోర్, నేవీ, ఎయిర్ ఫోర్స్, కోస్ట్ గార్డ్. "మిస్, మా అన్న ఏడీ ఇందులో?" అన్నాడు. వాళ్ళన్న సైన్యంలోని అంతరిక్ష విభాగం, స్పేస్ ఫోర్స్‌లో పనిచేస్తున్నాడు. ఆ విభాగం ఏర్పడింది 2019 డిసెంబర్‌లో. అందులో పనిచేసేవాళ్ళని గార్డియన్స్ అంటారని కూడా వాడే చెప్పాడు, క్లాసంతా 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' సినిమా అనుకుని నవ్వింది. ప్యాక్ మీద మాత్రం 'ఈ ఏడాది అప్‌డేట్ చేశాం' అని ముద్ర! వాడి చేతే ఆరో గడి గీయించి, ఆ కాగితాన్ని కాపీలు తీసి మిగతా పీరియడ్లకి వాడుకున్నాను.

దీనికంటే నాకు కోపం తెప్పించింది ఇంకోటుంది. ప్యాక్‌లో దాదాపు పావు వంతు పాపీ పూలు (యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఎర్ర పూలు), సమాధులు, 'మన కోసం ప్రాణాలిచ్చిన వారికి' అన్న ధోరణి. అది మెమోరియల్ డే సంగతి. సర్వీసులో చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజు, మే నెల ఆఖరి సోమవారం వస్తుంది. పాపీ పూలు పెట్టుకోవడం కూడా ఇక్కడ ఎక్కువగా అప్పుడే. వెటరన్స్ డే అంటే సైన్యంలో పనిచేసిన వాళ్ళందరిదీ, ముఖ్యంగా ఇప్పుడు మన మధ్య తిరుగుతున్నవాళ్ళది. నేనూ చూసుకోకుండా ఆ పేజీ ఒకటి ఇచ్చేశాను. ముందు బెంచీలో ఒకమ్మాయి చదివి, గొంతు తగ్గించి, "మా నాన్న ఆర్మీలో చేశారు. కానీ బానే ఉన్నారు కదా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇంక పనికొచ్చిన రెండు పేజీల సంగతి.

ఒకటి టైమ్‌లైన్. 1918 నవంబర్ 11, ఉదయం పదకొండింటికి మొదటి ప్రపంచ యుద్ధంలో కాల్పులు ఆగాయి. మరుసటేడాది నుంచి ఆర్మిస్టిస్ డే, అంటే కాల్పుల విరమణ రోజు. 1938లో అది ఫెడరల్ సెలవైంది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, కొరియా యుద్ధం వచ్చాయి కాబట్టి 1954లో పేరు మార్చి వెటరన్స్ డే చేశారు. ఇదంతా ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. పిల్లలు లేచి కూర్చున్నది ఆ తర్వాతి గడి దగ్గర. లాంగ్ వీకెండ్లు రావాలని చట్టం చేసి, 1971 నుంచి దీన్ని అక్టోబర్ నాలుగో సోమవారానికి జరిపారు. జనానికి నచ్చలేదు. చాలా రాష్ట్రాలు మా తేదీ మాదేనని నవంబర్ 11నే చేసుకున్నాయి. చివరికి 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెడితే, 1978 నుంచి పాత తేదీకే వచ్చింది. 'సెలవు సోమవారం వస్తే బాగుంటుందా, అసలు తేదీనే ఉండాలా' అన్నది కింద ఇచ్చిన ప్రశ్న. సోమవారం అంటే ఇష్టం లేని పిల్లలెవరుంటారు అనుకున్నాను. ఐదు పీరియడ్లలో నాలుగింట్లో పాత తేదీయే గెలిచింది. "పుట్టినరోజు సోమవారానికి మారుస్తామంటే ఊరుకుంటామా" అని ఒకమ్మాయి అడిగాక ఇంకెవరూ వాదించలేదు. ఈ పేజీకి వంక పెట్టను.

రెండోది ఇంటర్వ్యూ పేజీ. ఇది ఉన్నదున్నట్టుగా వాడితే ప్రమాదం. ఇరవై ప్రశ్నలున్నాయి. మొదటిది 'మీరు ఏ యుద్ధంలో పోరాడారు?', నాలుగోది 'మీ స్నేహితులెవరైనా చనిపోయారా?'. ముక్కూమొహం తెలియని మనిషిని పన్నెండేళ్ళ పిల్లలు అడిగే ప్రశ్నలా ఇవి? అలాంటివన్నీ కొట్టేసి పదకొండు మిగిల్చాను. రోజూ ఏం తినేవారు, ఎక్కడ పడుకునేవారు, ఇంటికి ఉత్తరం రాస్తే ఎన్నాళ్ళకి అందేది, యూనిఫాం విప్పేశాక మొదటి ఉద్యోగం ఎలా దొరికింది, ఇలాంటివి.

ఎవర్ని పిలవాలా అని చూస్తుంటే ఆఫీసులో చెప్పారు, మా కస్టోడియన్, అంటే స్కూలు శుభ్రం చేసే ఆయన, నేవీలో చేశారట. మూడేళ్ళుగా రోజూ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటున్న మనిషి, నాకు తెలియదు. వెళ్ళి అడిగితే ఆయన చేతిలో చీపురు అలాగే పట్టుకుని, "నేను యుద్ధం చూడలేదమ్మా, ఓడలో వంట చేశాను. నన్నెందుకు?" అన్నారు. యుద్ధం చూడనివాళ్ళూ వెటరన్లేనన్న మాట ప్యాక్‌లో నలభై ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు. చట్టంలో వెటరన్ అంటే యాక్టివ్ సర్వీసు చేసి, డిజానరబుల్ (అవమానకరంగా పంపించేసిన) డిశ్చార్జ్ కాకుండా బయటికొచ్చిన మనిషి. యుద్ధం చూసి ఉండాలని ఎక్కడా లేదు. అది చెప్తే ఒప్పుకున్నారు, కానీ ఒక్క పీరియడ్ మాత్రమే అన్నారు, లంచ్ తర్వాత కెఫెటీరియా శుభ్రం చేసుకోవాలి కదా.

ఆరో పీరియడ్‌కి వచ్చారు. విమానవాహక నౌకలో దాదాపు ఐదు వేల మంది ఉంటారు, అందరికీ రోజుకి నాలుగుసార్లు వడ్డించాలి అని మొదలుపెట్టారు. ఎక్కడ పడుకునేవారన్న ప్రశ్న రాగానే మాట ఆపి, నడుముకున్న కొలత టేప్ తీశారు. నా డెస్క్ పక్కన వైట్‌బోర్డు మీద కింద ఒక గీత, పైన ఒక గీత, ఆ పైన ఇంకో గీత గీశారు. ఒకదాని మీద ఒకటి మూడు మంచాలు. మధ్యలో ఇంతే ఖాళీ. మోకాలు మడిస్తే పైమంచానికి తగులుతుంది. క్లాసులో అందరికంటే పొడుగు కుర్రాడు నేల మీద పడుకుని, ఇద్దరు పిల్లలు వాడి మీద అట్టముక్క ఆ ఎత్తులో పట్టుకుంటే, పక్కకి తిరగలేక వాడు పడిన అవస్థకి నవ్వులే నవ్వులు. ఆయనా నవ్వారు. "అలా ఆరు నెలలు" అన్నారు. నవ్వు ఆగిపోయింది.

ఆ గీతలు నేను వారం రోజులు చెరపలేదు.

థాంక్యూ కార్డుల పేజీ గురించి కూడా ఒక మాట. పిల్లలకి ఖాళీ కార్డిస్తే 'మీ సేవకి ధన్యవాదాలు' అని మూడుసార్లు రాసి ఒక జెండా గీసేస్తారు. కార్డులో ఒక్కటైనా నిజంగా తెలుసుకోవాలనున్న ప్రశ్న ఉండాలని రూలు పెట్టాక మారింది. ఇంకో జాగ్రత్త: నా క్లాసుల్లో యుద్ధం తప్పించుకుని వచ్చిన కుటుంబాల పిల్లలున్నారు. ప్యాక్‌లో 'యుద్ధరంగం' అని పాచికల ఆట ఒకటుంది, దాన్ని నేరుగా చెత్తబుట్టలో వేశాను.

ప్యాక్‌లో లేనిది ఒకటి నేనే కలిపాను. భగత్ సింగ్ థింద్ కథ. పంజాబ్ నుంచి వచ్చి, 1918లో అమెరికన్ ఆర్మీలో చేరి, తలపాగాతోనే పనిచేసిన సిక్కు. 1923లో సుప్రీం కోర్టు ఆయన తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వం కుదరదంది. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళకి జాతితో పని లేకుండా పౌరసత్వం ఇవ్వొచ్చని 1935లో చట్టం వస్తే, మరుసటేడు ఆయనకి దక్కింది. గౌరవించడమంటే జెండా ఊపడమేనా అని నేను అడగాల్సిన పని లేకపోయింది, పిల్లలే అడిగారు. ఐదు వందల చేతిముద్ర గద్దలు చేయించినా రాని చర్చ అది.

కొనేముందు ఉచితంగా దొరికేవి చూడండి. వెటరన్స్ ఎఫైర్స్ శాఖ వెటరన్స్ డేకి టీచర్ గైడ్ ఇస్తుంది, తప్పుల్లేవు, కాస్త పొడిగా ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ ఇంకా మంచిది. 2000లో మొదలైంది, లక్షకు పైగా మంది జ్ఞాపకాలున్నాయి, చాలా వాటిని ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. మన పిల్లలు చేసిన ఇంటర్వ్యూలు అక్కడికి పంపుదామంటే కుదరదు, కనీసం టెన్త్ గ్రేడ్‌లో ఉండాలి. చూడటానికి అడ్డేం లేదు, కానీ వీడియో ముందు మీరు పూర్తిగా చూశాకే క్లాసులో పెట్టండి.

ఈ ప్యాక్‌కి ఐదుకి రెండున్నర ఇస్తాను. అమ్మినావిడకి ఈ తప్పులు రాసి మెసేజ్ పెట్టాను. మూడు వారాలకి జవాబొచ్చింది, స్పేస్ ఫోర్స్ చిహ్నం కలిపారట. పాపీ పూలు మాత్రం అలాగే ఉన్నాయి.

మా కస్టోడియన్ గారు మొన్న కారిడార్‌లో ఎదురుపడి, వచ్చే ఏడు రెండు పీరియడ్లయినా వస్తానన్నారు. ఈసారి వంటగది గరిటె తెస్తారట. ఎంత పొడుగుంటుందో చేతులు చాచి చూపించారు.